హెబ్రోను అన్న మొరాయించే పెట్టె

హెబ్రోను అన్న కీబోర్డు పాడవకుండా ముత్తుకూరు చుట్టుపక్కల ఒక్క పెళ్లీ పూర్తి కాలేదు. తాళి కట్టడమైనా మరిచిపోతారేమో గానీ, పాట మధ్యలో అన్న చెయ్యెత్తి, "ఆగండమ్మా, నా పెట్టె మొరాయిస్తా ఉండాది" అనడం మాత్రం తప్పదు.

అన్న ఒకప్పుడు థర్మల్ ప్లాంటులో పనిచేసేవాడు. టర్బైను రొదలో శ్రుతి వినబడుతోందని దానితో గొంతు కలిపి రాగం తీస్తూ, సూపర్‌వైజరు పిలిచినా పలికేవాడు కాదట. చివరికి ఉద్యోగం మానేసి ఈ పెట్టె కొన్నాడు. అది పాడైనన్నిసార్లు ప్లాంటు పాడై ఉంటే జిల్లా అంతా లాంతర్లతోనే బతికేది. ఇంట్లో మిక్సీ ఆగితే పట్టదు గానీ పెళ్లిళ్లలో మాత్రం పెద్ద మెకానిక్ అని భార్య డెబోరా అక్క దెప్పేది.

మొన్న వేసవిలో ఒక పెళ్లి విందులో చెంచమ్మగారి అనూష పాడింది. రొయ్యల షెడ్డులో పనిచేస్తూ, ఫోనులో విని పాటలు నేర్చుకున్న పిల్ల. ఆమెను వినడానికే గూడూరు నుంచి ఆర్కెస్ట్రా యజమాని పద్మనాభయ్యగారు వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. నచ్చితే బృందంలోకి, లేకపోతే మళ్లీ రొయ్యల తలలు తీయడమే. ఆ భయంలో అనూష పల్లవినే ఆకాశంలో ఎత్తుకుంది. చరణం ఇంకా పైన ఉంది. అక్కడికి చేరితే గొంతు పగలడం ఖాయమని అన్న సామాను మోసే నాకే తెలిసిపోయింది.

అన్న చెయ్యెత్తాడు.

వంగి ఒక వైరు లాగి ఊదాడు, తుడిచాడు, మళ్లీ ఊదాడు. ఈలోగా అనూష మంచినీళ్లు తాగింది. పద్మనాభయ్యగారు రెండుసార్లు వాచీ చూసుకున్నారు. అన్న ఒక మెట్టు నొక్కిపట్టి, "అనూషమ్మా, పై మెట్లు పలకడం లేదు. నాకోసం కొంచెం కింద నుంచి ఎత్తుకో. ఏమనుకోబాక" అన్నాడు.

"అట్నే అన్నా" అని, ఆ పిల్ల పెట్టె మీద జాలితో శ్రుతి దించుకుంది. చరణానికి వచ్చేసరికి వడ్డించేవాళ్లు గరిటెలు పట్టుకుని నిలబడిపోయారు. పద్మనాభయ్యగారు వచ్చే ఆదివారం నుంచే రమ్మన్నారు. పోతూ పోతూ అన్నతో, "పాప బంగారం. నీ పెట్టెను మటుకు సముద్రంలో పారేయ్" అన్నారు. అన్న బుద్ధిగా తలూపాడు.

సామాను సర్దుతూ, ఆ పాడు వైరు సంగతేమిటో చూద్దామని దాని వెంటే పోయాను. అది పక్కనున్న ఫ్యానుది.

"అన్నా, నువ్వు ఊదింది ఫ్యాను వైరు."

"గట్టిగా అనబాక" అన్నాడు. "పాడేవాళ్లకి పరువుంటాది. పెట్టెకేముంది, ఎన్ని మాటలన్నా పడతాది."

నవ్వుకుంటూ పెట్టె భుజానికెత్తుకుని నాలుగడుగులు వేసి ఆగిపోయాను. పోయిన క్రిస్మస్‌కి చర్చిలో నేను పాడినప్పుడు అది ఐదుసార్లు పాడైంది. అంత మంచి పాటకి అడ్డం పడిందే అని ఇన్నాళ్లూ దాన్నే తిట్టుకుంటున్నాను.