వాగుకు పట్టిన మైల

డెబ్బైల మొదట్లో నేను ఎడపల్లి దగ్గరి ఒక పల్లెకు కొత్త కోడలిగా వచ్చాను. మా పొలాలకు ఎగువన చక్కెర చేసే ఒక ఖండసారి మిల్లు ఉండేది. ఊరి చెరుకంతా అక్కడికే పోయేది. ఆ చలికాలం మిల్లు వదిలిన నల్లటి మడ్డినీళ్లు వాగులో కలిశాయి. తెల్లారేసరికి చేపలు వెల్లకిలా తేలాయి. మా బర్రె నీళ్లలో మూతి పెట్టి వెనక్కి తిరిగింది.

మా అత్త ఒడ్డున చాలాసేపు నిలబడింది. ఇంటికొచ్చి, వాగుకు మైల పట్టిందనీ, మైల తీరేదాకా పదకొండు రోజులు ఊరి చెరుకు ఒక్క గడ కూడా పొలిమేర దాటకూడదనీ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. చావు మైలంటే ఎవరు కాదంటారు? అందరూ కొడవళ్లు దించారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. అప్పటికే కోసి మోపులు కట్టింది మా ఒక్కరి చెరుకే. ఎండితే అది వంటచెరకుకు తప్ప పనికిరాదు. అత్తకు చాదస్తం ముదిరిందని నా పెనిమిటి దగ్గర గొణిగాను.

చెరుకు రాక మిల్లు ఆగిపోయేసరికి మూడో రోజు మిల్లు సేటు, బోధన్ నుంచి వచ్చే తన మున్షీని వెంటబెట్టుకొని మా వాకిట్లోకి వచ్చాడు. సేటుకు తెలుగు రాదు, మరాఠీ వచ్చు. మున్షీ మైలను 'సూతక్' అని చెప్పాడు. సేటు చటుక్కున చెప్పులు విడిచి, ఎవరు పోయారని అడిగాడు.

"శాపలు పోయినయ్," అంది అత్త.

సేటు నవ్వలేదు. ఊరికి మంచి బావి తవ్విస్తానని మున్షీతో చెప్పించాడు. మా వాళ్ల మొహాలు విప్పారాయి. అబద్ధమెందుకు, నాదీ విప్పారింది.

"బాయి మాకు తవ్విస్తవ్ సేటూ. మరి శాపలకేం తవ్విస్తవ్?" అంది అత్త.

ఆ మాటను మరాఠీలో చెప్పడానికి మున్షీ కాసేపు తడుముకున్నాడు. విన్నాక సేటు తల దించుకుని వెళ్లిపోయాడు. మర్నాడే మిల్లు వెనక, మడ్డినీళ్లు వాగులోకి రాకుండా పెద్ద పెద్ద గుంతలు తవ్వడం మొదలైంది. పదకొండో రోజు అత్త వెళ్లి, వాటి కట్టలను కాలితో తొక్కి చూసి, ఇంటికొచ్చి తలకు పోసుకుంది. ఊరి బండ్లు మిల్లుకు కదిలాయి. మా బండి కదలలేదు.

ఆ ఏడు మా పొయ్యిలో చెరుకే మండింది. నష్టపోయేది తనేనని తెలిసే అత్త ఆ మాట అందని, దాని ముందు కూర్చుని రొట్టెలు కాల్చేటప్పుడు గాని నాకు అర్థం కాలేదు. అక్షరం ముక్క రాని ఆ మనిషి ఎదురుపడితే, నాకు తెలియకుండానే లేచి నిలబడేదాన్ని.

వానలు పడ్డాక వాగులో వేలెడంత చేపలు కనిపించాయి. నా పెనిమిటి వల తీశాడు. అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"మైలింటికి సుట్టాలొచ్చిన్రు కొడుకా. సుట్టాలను తింటమా?"

ఆయన వలను మళ్లీ గోడకు తగిలించాడు. పొయ్యి పక్కన ఇంకొక్క చెరుకు మోపు మిగిలి ఉంది. దాన్ని తీసి అటక మీద పెట్టాను. అత్త చనిపోయిన ఏడాది కూడా అది అక్కడే ఉంది.