ఊటీ ఇంటికి కోయంబత్తూరు ఫోను

1997 వేసవి మొదట్లో నన్ను విజయవాడ ట్రంక్ ఎక్స్ఛేంజి నుంచి డైరెక్టరీ ఎంక్వయిరీకి సూపర్‌వైజరుగా మార్చారు. ట్రంక్ కాల్స్ అప్పటికే పలచబడ్డాయి. వీధికో ఎస్టీడీ బూత్ వచ్చాక, కాల్ బుక్ చేసుకుని ఫోను పక్కన కూర్చునే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఎంక్వయిరీలో మాత్రం ఊపిరాడేది కాదు. 197 తిప్పితే మా అమ్మాయిలు పలికేవారు. పేరు, పేట చెబితే నంబరు వెతికి ఇచ్చేవారు. అమ్మాయిలు అన్నానే గాని, వాళ్లలో ఇద్దరు నాకంటే పెద్దవాళ్లు. హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చునే ఒక్కో సీటును పొజిషన్ అనేవాళ్లం. పొజిషన్ల వరసకు వెనక నా బల్ల. ఆపరేటరు దగ్గర తెగని కాల్ నా బల్ల మీదికి వచ్చేది.

అక్కడ ఒక నిబంధనను కచ్చితంగా పాటించేవాళ్లం. పేరు చెబితే నంబరు ఇస్తాం. నంబరు చెప్పి ఇదెవరిదని అడిగితే చెప్పం. కారణం ఉంది. రాంగ్ నంబరు తగిలినప్పుడు అటువైపు ఆడగొంతు వినిపిస్తే, ఆ ఇల్లెక్కడో కనుక్కుందామని మాకు ఫోన్ చేసేవాళ్లుండేవారు. అందుకే అడిగినవాళ్లు ఎంత మర్యాదస్థులైనా మా జవాబు ఒకటే.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం పద్మావతి అనే ఆపరేటరు తన కాల్‌ను నాకు కలిపింది. "నంబరుకి పేరు అడుగుతున్నారండీ. కుదరదంటే వినట్లేదు," అంది. లైన్లో ఉన్నాయన పేరు మస్తాన్ వలీ. ఆటోనగర్‌లో లారీ రేడియేటర్లు బాగుచేసే షెడ్డు నడుపుతున్నానని చెప్పుకున్నారు. నిబంధన వివరించాను. ఆయన కోప్పడలేదు. "మనిషిని వచ్చి కనపడితే చెప్తారా అండీ?" అని మాత్రం అడిగారు. వచ్చినా చెప్పలేనన్నాను. అయినా మూడు గంటలు దాటాక భార్యను వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చారు.

వలీ గారికి నలభై అయిదేళ్లుండవచ్చు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు గాని, అతుకులు వేసి వేసి కాలిన వేళ్లు ఆయన పనేమిటో చెబుతున్నాయి. భార్య జమీలా పటమటలో ఇంటి దగ్గరే జాకెట్లు కుడుతుంది. విషయం ఆయన మొదలుపెట్టారు, ఆమె పూర్తి చేసింది.

వాళ్లకు షాహీన్ అని పదేళ్ల కూతురు. అంతకు ముందు ఏడాది పచ్చకామెర్లు, వాటి వెనకే టైఫాయిడ్ వచ్చి ఆసుపత్రి పాలైంది. ఒక దశలో డాక్టర్లు కూడా ఏమీ చెప్పలేమన్నారట. మంచానికి ఎదురుగా గోడ మీద ఊటీ బొమ్మ ఉన్న క్యాలెండరు వేలాడుతుండేది. ఆ పిల్ల రోజంతా దాన్నే చూస్తుంటే, లేచి తిరిగితే అక్కడికి తీసుకెళ్తానని వలీ గారు మాటిచ్చారు. పిల్ల లేచింది. చదువులో ఒక సంవత్సరం పోయింది, జుట్టు మళ్లీ వస్తోంది. ఆ సెలవుల్లో పేపర్లో ఒక ప్రకటన కనిపించింది. ఊటీలో విడి ఇల్లు, కుటుంబాలకు వారాల లెక్కన అద్దెకు ఇవ్వబడును అని, కింద ఫోను నంబరు. ఫోన్ చేస్తే అవతలి మనిషి మన తెలుగే మాట్లాడాడు. నాలుగైదు గంటల మధ్య మాత్రమే చేయమన్నాడు. ఇంటి రంగు ఫొటో పోస్టులో పంపాడు. పక్క షెడ్డు కోటేశ్వరరావు గారిది హనుమాన్ జంక్షన్ దగ్గర వ్యవసాయ కుటుంబం. వాళ్లూ కలిసి వస్తామన్నారు. ఆయన రెండు కుటుంబాలకూ రైలు టిక్కెట్లు కూడా తీసేశారు. ఇప్పుడు అద్దె మొత్తానికి ముందుగానే డీడీ తీసి పంపాలి. గుడివాడ పార్టీ ఒకటి కాచుకుని ఉంది, రేపటిలోగా పోస్టు చేయకపోతే ఇల్లు వాళ్లకిచ్చేస్తానని అతను చెప్పాడు.

"కోటేశ్వరరావు పంపించెయ్యమంటన్నాడండీ," అన్నారు వలీ గారు. "నాకూ పంపుదామనే ఉంది. ఈమే పంపనివ్వట్లేదు."

జమీలా నా వైపు తిరిగింది. "నేను ఫోన్లో మాట్లాడానక్కా. బావి ఉందా అంటే ఉందన్నాడు. కుళాయి ఉందా అంటే అదీ ఉందన్నాడు. మా పాపకి పొగ పడదు, కట్టెలపొయ్యి లేదు గదా అంటే అస్సలు లేదన్నాడు. కాసేపాగి, మాకు చలి కొత్త, కట్టెలపొయ్యి ఉంటే బాగుండు అన్నాను. దానికేం, ఉందన్నాడు. నిజంగా ఇల్లున్నవాడికి ఏదో ఒకటి లేదని చెప్పాల్సి రాదా?"

నేను నంబరు చూశాను. ట్రంక్ ఎక్స్ఛేంజిలో ఏళ్లు గడిపినవాళ్లకు ఊళ్ల ఎస్టీడీ కోడ్లు బంధువుల పేర్లలా గుర్తుంటాయి. ఊటీ కోడ్‌కూ కోయంబత్తూరు కోడ్‌కూ చివరి అంకె ఒక్కటే తేడా. ప్రకటనలో ఉన్నది కోయంబత్తూరుది. అంటే ఫోను కొండ మీద లేదు, కింద మైదానంలో ఉంది. అలాగని వెంటనే మోసం అనలేదు. ఇంటి యజమాని కోయంబత్తూరులో కాపురముంటూ ఊటీ ఇల్లు అద్దెకివ్వవచ్చు. ఆ మాటే వాళ్లకు చెప్పాను.

"లేదండీ," అన్నారు వలీ గారు. "ఆ ఇంట్లోనే ఉంటానన్నాడు."

నాలుగైంది. మా భవనం కింది అంతస్తులో జనం డబ్బు కట్టి మాట్లాడుకునే కౌంటరు ఉండేది. అక్కణ్నుంచి మాట్లాడతానంది జమీలా, నన్ను పక్కన నిలబడి వినమంది. ఒకరి సంభాషణ వినడం మా వృత్తిలో ఉద్యోగం పోగొట్టుకునేంత తప్పు. మాట్లాడే మనిషే పిలిచింది కాబట్టి ఒప్పుకున్నాను. రిసీవరును ఆమె మా ఇద్దరి చెవులకూ మధ్యగా పట్టుకుంది.

అతనే ఎత్తాడు. జమీలా డీడీ గురించి రెండు మాటలు అడిగి, "మంచు పడతందా అన్నా ఇప్పుడక్కడ?" అంది.

"వరండాలోనే కూర్చున్నానమ్మా. ఎదురుగా చెట్టు కూడా కనపట్లేదు, అంత మంచు," అన్నాడతను.

అతని గొంతు వెనక కిరకిరమని ఒక చప్పుడు వచ్చి ఆగింది. కాసేపటికి మళ్లీ వచ్చింది. బూత్‌లో కాల్ అయిపోగానే మీటరు పెట్టె నుంచి బిల్లు చీటీ అచ్చయి బయటికి వచ్చే చప్పుడది. ఇళ్లలో వినపడదు. దాని మీదుగా బస్సు హారన్లు.

నేను వాళ్లను మా డివిజనల్ ఇంజినీరు (డీఈ) గారి గదికి తీసుకెళ్లాను. మా భవనంలో ఆయన మాటే చివరిది. అంతా విని ఆయన, చందాదారు పేరు చెప్పకూడదు గాని, ఒక నంబరు పబ్లిక్ బూతా కాదా అన్నది రహస్యం కాదన్నారు. ఎక్స్ఛేంజీలు తమలో తాము మాట్లాడుకునే సర్వీస్ లైను మీద కోయంబత్తూరును అడిగాను. బస్టాండు దగ్గర బూత్ అని జవాబు వచ్చింది.

వలీ గారు చేతిలోని ఫొటోను బల్ల మీద పెట్టేశారు. డీఈ గారు మాత్రం తొందరపడలేదు. "బూత్ నుంచి మాట్లాడినంత మాత్రాన మనం దొంగ అనకూడదు. అసలు ఇల్లెవరిదో చూడండి," అన్నారు.

ఊటీ ఎక్స్ఛేంజిలో సెల్వి అనే సూపర్‌వైజరు ఉండేది. ట్రంక్ రోజుల నుంచీ ఆమె గొంతు నాకు తెలుసు, మనిషిని మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆమెకు ఫోన్ చేసి, ఫొటోలో ఉన్నది ఉన్నట్టు వర్ణించాను. ఎర్ర పెంకుల కప్పు, దాని మీద రెండు పొగగొట్టాలు, నీలం గేటు, గేటు పక్క రాతిమెట్లు, వెనక చర్చి గోపురం. సగం చెప్పేసరికే సెల్వి ఆపింది. అది తను రోజూ డ్యూటీకి నడిచొచ్చే దారిలోని ఇల్లేనంది. మిలిటరీ ఆఫీసరు భార్య, మిసెస్ థామస్ అని పెద్దావిడ, భర్త పోయాక ఒక్కతే ఉంటుంది. ఆవిడ ఇల్లు అద్దెకివ్వడం తను ఎన్నడూ వినలేదంది. పేరు తెలిసింది గనుక నంబరు ఇవ్వడానికి ఏ నిబంధనా అడ్డు రాలేదు. డీఈ గారి ఫోను నుంచే ఆ నంబరుకు చేశాం.

మిసెస్ థామస్ కంటోన్మెంట్లలో బతికిన మనిషి. హిందుస్తానీ ధారాళంగా మాట్లాడింది. జమీలా ఉర్దూలో మాట్లాడుతూ మధ్య మధ్య మాకు తెలుగులో చెబుతూ వచ్చింది. అంతకు ముందు వారం మద్రాసు నుంచి ఒక కుటుంబం సామాన్లతో వచ్చి ఆవిడ గేటు ముందు నిలబడిందట. డబ్బు కట్టామని వాళ్లు, ఇది నా ఇల్లని ఆవిడ. చిరునామా పొరబడ్డారనుకుని టీ ఇచ్చి, లాడ్జి చూపించి పంపిందట. ఆవిడకు సంగతి ఇప్పుడే అర్థమవుతోంది.

వలీ గారు కుర్చీలో వెనక్కి వాలి, "డబ్బు పోలేదు, అంతే చాలు. పాపకే ఏం చెప్పాలో," అన్నారు మెల్లగా.

జమీలా ఫోను పెట్టలేదు. తన కూతురి సంగతి ఆవిడకు చెప్పింది, ఆవిడ ఎరిగినవాళ్ల ఇల్లేదైనా ఉంటే చెప్పమని అడిగింది. అవతల నుంచి చాలాసేపు మాటలు వచ్చాయి. జమీలా ఊ కొడుతూ విని, మౌత్‌పీస్ మీద చెయ్యి అడ్డుపెట్టింది. ఇంటి వెనక ఒకప్పుడు ఆర్డర్లీ, అంటే మిలిటరీ నౌకరు, ఉండే రెండు గదులు ఖాళీగా ఉన్నాయట. బావి లేదు. నీళ్లు పొద్దున ఒక్కపూటే. వేణ్నీళ్లకు పెరట్లో కట్టెలు మండించుకోవాలి, వంటకు మాత్రం గ్యాసు ఉంది. ఒక కిటికీ మూతపడదు. వచ్చి చూసుకుని, నచ్చితేనే అద్దె ఇవ్వమంది.

"లేనివన్నీ ముందే చెప్తందండీ ఈమె," అంది భర్తతో. ఆఫీసులోకి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

అయినా నేను వాళ్లను ఒక్క రోజు ఆగమన్నాను. సెల్వి ఇంటికి వెళ్తూ ఆ గదులు చూసింది. నివాసయోగ్యమేనని, బూజు దులిపించాలని మర్నాడు చెప్పింది. మిసెస్ థామస్ అక్కడి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది.

ఆ మొదటి రోజు వెళ్లబోతూ జమీలా గుమ్మం దగ్గర ఆగింది. "మేం బయటపడ్డాం. ఆ గుడివాడవాళ్ల సంగతేంటక్కా?"

ఆ మాట నాకు తట్టలేదు. డీఈ గారు పత్రిక ప్రకటనల విభాగానికి ఫోన్ చేశారు. వాళ్లు ప్రకటన ఆపేసి, మర్నాడు అదే చోట హెచ్చరిక వేశారు. అది చూసి పత్రికకు ఫోన్ చేసినవాళ్లలో గుడివాడ కుటుంబం నిజంగానే ఉంది. విజయవాడ పార్టీ సిద్ధంగా ఉందని చెప్పి అతను వాళ్లను తొందరపెడుతున్నాడట. డీడీ తీశారు గాని ఇంకా పోస్టులో వెయ్యలేదు. తెనాలి నుంచి కూడా ఒకరు చేశారని విన్నాను. పోలీసులు బూత్‌కు వెళ్లేసరికి అతను అటు రావడం మానేశాడు. తర్వాత దొరికాడో లేదో నాకు తెలియదు.

రెండు కుటుంబాలూ అనుకున్న రైలుకే వెళ్లాయి. మే నెలాఖరులో వలీ దంపతులు పాపతో సహా ఆఫీసుకు వచ్చారు. మూతపడని కిటికీలోంచి మంచు లోపలికి వచ్చేదని, పొద్దున్నే లేచి దాన్ని పట్టుకోబోయేదాన్నని షాహీన్ మా పొజిషన్లన్నిటి దగ్గరా ఆగి చెప్పింది. మిసెస్ థామస్ ఆ తర్వాత సెలవుల్లో ఆ గదులు అద్దెకివ్వడం మొదలుపెట్టిందని సెల్వి చెప్పింది. తెలియనివాళ్లు అడిగితే, ముందు ఎక్స్ఛేంజికి ఫోన్ చేసి తన పేరుతో నంబరు తీసుకుని, ఆ నంబరుకే చేయమనేదట.

నేను 2006లో పదవీ విరమణ చేశాను. అప్పటికి ఇళ్ల ఫొటోలు కంప్యూటర్లలో వస్తున్నాయి, డబ్బు కట్టడానికి డీడీ కూడా అక్కర్లేదు. సెలవులకు ఇల్లు మాట్లాడుకునేవాళ్లు సలహా అడిగితే నేను చెప్పేది మాత్రం ఆ ఏప్రిల్‌లో నేర్చుకున్నదే. ప్రకటన ఇచ్చినవాడి నంబరుకే ఫోన్ చేసి ప్రకటన నిజమా అని అడిగితే నిజమనే చెబుతాడు. ఆ ఇంటి నంబరును వేరే దారిలో సంపాదించాలి. ఆ ఊళ్లో ఉండే మనిషి ఒకరు వెళ్లి ఇల్లు చూడాలి. రేపటిలోగా తేల్చమన్నవాడికి, ఎల్లుండి చెబుతామనాలి.