మావయ్య ఎంచుకున్న సీడీ ప్లేయర్

మొన్న మంగళవారం పొద్దున్న షాపు తెరుస్తుంటే అత్త ఫోన్ చేసింది. "మావయ్య పోయాడమ్మా. టీ తాగి కూర్చున్నవాడు కూర్చున్నట్టే." అంతే చెప్పింది.

ఆయన మా అమ్మకి అన్న. చాతం దీవి రంపపు మిల్లులో దుంగలు కొలిచే పని చేసి రిటైరయ్యాడు. ఇల్లు సముద్రపాయకి అవతలి ఒడ్డున, బంబూఫ్లాట్‌లో. సాయంత్రం ఫెర్రీ పడవ దిగి ఇంటికి రాగానే స్నానం, ఆ తర్వాత రికార్డు ప్లేయర్, పక్కన అత్త. రెండు వైపులా అయ్యాకే భోజనం. మధ్యలో ఎవరైనా మాట్లాడితే లేచి మళ్లీ మొదటినుంచి పెట్టేవాడు.

సునామీ రోజు ఇద్దరూ గుట్ట ఎక్కి బతికారు. ఇంట్లోకి నడుముదాకా నీళ్లొచ్చాయి. రికార్డులు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాడు గాని, ప్లేయర్ పనికిరాకుండా పోయింది. అంతకంటే పెద్ద దెబ్బ అత్తకి తగిలింది. ఆమె తమ్ముడు ఇంకో దీవిలో, కార్ నికోబార్‌లో కొట్టుకుపోయాడు. ఆ తర్వాత ఆమె ఫెర్రీ ఎక్కలేదు. పెళ్లిళ్లకి రాలేదు, ఆస్పత్రికీ రాలేదు. రోడ్డు మీద చుట్టూ తిప్పి తీసుకొస్తామన్నా ఇల్లు కదల్లేదు.

రెండేళ్లకి మావయ్య ఇటు ఒడ్డున గోల్ ఘర్‌లోని మా ఎలక్ట్రానిక్స్ షాపుకి వచ్చాడు.

"రికార్డులా పాడే సీడీ ప్లేయర్ ఇవ్వమ్మా."

"సీడీ ఇంకా శుభ్రంగా పాడుతుంది మావయ్యా. గరగర ఉండదు."

"శుభ్రం ఎవడిక్కావాలి? గొంతు మనిషిదిలా ఉండాల."

నాలుగు శనివారాలు వచ్చాడు. రంగు లైట్లున్న దాన్ని చూసి, "ఇదేటి, చూడ్డానికా వినడానికా?" అన్నాడు. పాత పాటల సీడీ ఒకటి తీసుకుని, ప్రతి ప్లేయర్ మీదా మొత్తం వినేవాడు. "మొదటి పాట దేంట్లోనైనా బాగుంటాది. పదో పాటకి చెవి అలిసిపోకపోతే అదీ సరుకు." ఆ మాట ఇప్పటికీ కొనేవాళ్లకి నేను చెబుతుంటాను.

చివరికి మేం మూలన పడేసిన ఒక సాదా ప్లేయర్‌ని చెక్క పెట్టెల స్పీకర్లకి తగిలించమన్నాడు. కళ్లు మూసుకుని చివరిదాకా కదల్లేదు. "బస్, చాలు, ఇదే," అన్నాడు. ప్యాక్ చేయబోతే ఆపాడు.

"మీ అత్త వినాల కదా. ఉంచు."

"ఇంటికి తీసుకెళ్లి వినిపించు. నచ్చకపోతే మారుద్దాం."

"వద్దు. ఆమే ఇక్కడికి వస్తాది."

మూడు నెలలు దాన్ని ఎవరికీ అమ్మలేదు. అత్తని ఆయన బలవంతపెట్టలేదట. రోజూ సాయంత్రం ఫెర్రీ ఆగే జెట్టీదాకా నడిపించుకెళ్లి, ఒక ఫెర్రీ వెళ్లేదాకా పక్కన కూర్చుని, వెనక్కి తీసుకొచ్చేవాడట.

ఒక శనివారం ఇద్దరూ ఫెర్రీలో వచ్చి షాపు మెట్లెక్కారు. అత్త జాకెట్టు చెమటకి తడిసిపోయి ఉంది. నీళ్లిస్తే తాగలేదు. సీడీ పెట్టాను. రెండో పాట మధ్యలో ఒక కస్టమర్ గట్టిగా ఏదో అడగబోతే, అత్త అతనివైపు తిరిగి, "భయ్యా, థోడా చుప్!" అని హిందీలో కసిరింది. మావయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు.

అన్నీ అయ్యాక ఆమె, "రికార్డులా లేదు. కాని వినొచ్చు," అంది.

"అయితే తీసుకుందామా?"

"తీసుకోండి. మాటిమాటికీ ఎక్కడ రాగలను?"

చాతం జెట్టీదాకా నేనూ వెళ్లాను. అత్త ముందు నడుస్తుంటే మెల్లిగా అడిగాను. "ఇదంతా ప్లేయర్ కోసమా మావయ్యా, అత్త కోసమా?"

"రెండూను. ఏం, ఒక్కటే ఉండాలా?"

ఆయన్ని తలుచుకుంటే నాకు ఆ మధ్యాహ్నమే కనిపిస్తుంది. ఫెర్రీలో అత్త అట్టపెట్టెని రెండు చేతులా పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది. పక్కన చోటున్నా మావయ్య కూర్చోలేదు. కనిపించినంతసేపూ రెయిలింగ్ దగ్గర, ఆమెకీ నీళ్లకీ మధ్య, నిల్చునే ఉన్నాడు.