పొట్లాలు అంటించే ఆమె చెప్పిన ముగింపులు

1957 జూన్ మొదటి సోమవారం, మధ్యాహ్నం మూడు గంటలకు మా కథల చదువు మొదలైంది. నాకు పదకొండేళ్లు. సంగారెడ్డిలో మా నాన్న కిరాణా కొట్టు వెనక వరండాలో ఒకామె పాత వారపత్రికలు చింపి, గంజి రాసి పొట్లాలు అంటించేది. భర్త వెళ్లగొడితే చంటిపిల్లతో కంది అనే ఊరి నుంచి నడిచి వచ్చిందని అమ్మ చెప్పింది. ఆమెకు చదువు రాదు. ఆ రోజు ఒక కాగితం నా ముందు పెట్టి, "దీంట్ల ఆడామె ఉన్నదా, సూడు బిడ్డా" అంది.

ఉంటే నేను చదవాలి. కథ ఎప్పుడూ మధ్యలోనే తెగిపోయేది. తర్వాతి పేజీ అప్పటికే ఏ ఉప్పు పొట్లమో అయ్యుండేది. మిగతాది ఆమే చెప్పేది.

ఒకసారి కథలో, మొగుడు వెళ్లగొట్టిన ఇల్లాలు బావిగట్టు ఎక్కింది. అక్కడితో పేజీ అయిపోయింది.

"దుంకదు," అంది ఆమె, చెయ్యి ఆపకుండానే. "గంత దూరం నడిచింది గద, దూప అయితది. నీళ్లు తోడుకొని తాగుతది. తాగినంక ఆకలైతది. ఆకలైతే పని అడుగుతది."

"నీకెట్ల తెల్సు చిన్నమ్మా?"

"నేను తాగిన గద."

నాలుగు రోజులకు తర్వాతి పేజీ దొరికింది. కథలో ఆమె దూకేసింది. ఉన్నది ఉన్నట్టే చదివాను.

ఆమె నవ్వింది. "రాసినాయనకు ఎన్నడు దూప అయినట్టు లేదు" అని ఆ కాగితానికి గంజి రాసి పొట్లం చేసింది. అచ్చయిన మాటను కాదనే మనిషిని చూడటం నాకదే మొదలు.

ఆ ఏడాది ఆమె ముగించిన కథలు నలభై ఒకటి. గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుకున్నాను, కథలు మాత్రం రాసుకోలేదు. గుర్తున్నది ఇదొక్కటే. పోయినవి నలభై.