భాస్కర్ భుజం పక్కన కెమెరా

అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో దేదీప్యను శని, ఆదివారాల్లో ఓణీల ఫంక్షన్లకు పిలుస్తారు. మిగిలిన రోజుల్లో ఆమె లాయర్ల ఆఫీసుల్లో సాక్షుల వాంగ్మూలాలను వీడియో తీస్తుంది. రెండింటికీ ఒకే కెమెరా, ఒకే ట్రైపాడ్. ఫంక్షన్‌లో ఎవరిని ఎలా చూపాలో పిలిచినవారు చెబుతారు. వాంగ్మూలంలో మాత్రం ఆమె ఎవరి పక్షమూ వహించకూడదు. కెమెరా సాక్షి కంటి ఎత్తులో ఉండాలి, వెనుక గోడ బోసిగా ఉండాలి.

మార్చిలో ఒక మంగళవారం ఆమె ఎదుట కూర్చున్న సాక్షి రాజేశ్వరమ్మ. కేటరింగ్ సంస్థ వంటగదిలో మంటలు లేచినప్పుడు రెండు చేతులూ కాలిన మనిషి. వెనుక తలుపుకు తాళం వేసి ఉందని ఆమె అంటుంది, లేదని సంస్థ అంటుంది. మరో సాక్షి లేరు. విచారణ మొదలయ్యేనాటికి ఆమె వీసా ముగుస్తుంది. జ్యూరీకి కనబడేది ఈ వీడియో మాత్రమే.

సంస్థ లాయరు ఇంగ్లీషులో అడుగుతున్నాడు. బల్ల చివర కూర్చున్న అనువాదకుడు భాస్కర్ దాన్ని తెలుగులో చెబుతున్నాడు. ప్రతి జవాబుకూ రాజేశ్వరమ్మ భాస్కర్ వైపే తిరుగుతోంది. కెమెరా తెర మీద ఒక చెవి, ఒక చెంప మిగులుతున్నాయి. చూపు వెళ్ళే వైపు ఖాళీ లేక ముక్కు ఫ్రేము అంచుకు ఆనుతోంది. ఫంక్షన్‌లో ఇలా తీస్తే పిల్ల అలిగిందా అని అడుగుతారు. జ్యూరీ అడగదు. అబద్ధమాడుతోందని అనుకుని ఊరుకుంటుంది.

విరామంలో రాజేశ్వరమ్మ తరఫు లాయరు ప్రణవి, ఎదురుగా చూడమని మూడోసారి చెప్పింది.

“ఆ సారు మాటలు నాకు సమజ్ గావు బిడ్డా. నాకు అర్థమయ్యేటట్టు అడిగేది ఈ సారు. అడిగినోళ్ల మొకం సూడకుంట జవాబు చెప్తే ఏం మర్యాద?”

అనువాదకుడి కుర్చీని కెమెరా పక్కకు మార్చవచ్చా అని దేదీప్య ఇరుపక్షాలనూ అడిగింది. సంస్థ లాయరు ఒప్పుకోలేదు. ఎవరెక్కడ కూర్చోవాలో సంతకాలు చేసిన ఒప్పందంలో ఉందన్నాడు. ఉదయం నుంచి ఆ తెరను అతనూ చూస్తూనే ఉన్నాడు.

భాస్కర్ ఇబ్బందిగా లేవబోయాడు.

“అంకుల్, మీరు కదలకండి. నేనే ట్రైపాడ్ మూవ్ చేస్తాను.”

ఆమె దాన్ని అతని భుజం పక్కకు తెచ్చి, రాజేశ్వరమ్మ కంటి ఎత్తుకు దించింది. వెనుక కిటికీ వస్తోందని దాని కర్టెన్ దించింది. ఇది పక్షపాతమని సంస్థ లాయరు అభ్యంతరం చెప్పాడు. కుర్చీల స్థానాలు ఒప్పందంలో ఉన్నాయని, కెమెరా గురించి మాత్రం సాక్షి ముఖం స్పష్టంగా కనబడాలనే ఉందని దేదీప్య బదులిచ్చింది. అతను ఆ పేజీని రెండుసార్లు చదివి, తన అభ్యంతరాన్ని రికార్డు చేయమన్నాడు. రికార్డయింది. ఉదయపు రెండు గంటలు కూడా పక్క ముఖంతోనే రికార్డులో ఉంటాయి. వాటిని మార్చే హక్కు ఎవరికీ లేదు.

విరామం తర్వాత మొదటి ప్రశ్న తాళం గురించే. ఉదయం అడిగిందే, మాటలు మార్చి అడిగాడు. భాస్కర్ తెలుగులో చెప్పాడు. రాజేశ్వరమ్మ అతని వైపు తిరిగింది. ఫ్రేములోకి రెండు కళ్ళూ వచ్చాయి.

“తాళం ఉండె సారూ. ఈ రెండు చేతులతోని గుంజిన.”