ఏనుగు అడ్డం నిలిచిన ఆదివారం

అరవైల తొలినాళ్లలో నేను డెంకణికోట అడవి అంచున ఒక పల్లెకు కోడలిగా వెళ్లాను. ఊళ్లో క్రైస్తవులవి మూడే ఇళ్లు. చర్చికి అడవిదారిలో ఎనిమిది మైళ్లు నడవాలి.

ఒక ఆదివారం ఉదయం, మూడు నెలల పాపకు చర్చిలో ప్రార్థన చేయించాలని అత్తమ్మతో బయలుదేరాను. సగం దారిలో, వెదురు పొదల పక్కన ఒంటి ఏనుగు ఎదురైంది.

"కదలద్దమ్మా," అని అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడే పాప ఏడవబోయింది. రొమ్ముకు అదుముకున్నాను. ఏనుగు చెవులు విప్పి మావైపు ఒక అడుగు వేసింది. నాకు ప్రార్థనలో ఒక్క మాటా గుర్తు రాలేదు. పాప పాలు తాగే చప్పుడే వినిపించింది. ఎంతసేపటికో ఏనుగు వెదురులోకి వెళ్లిపోయింది.

అత్తమ్మ దారిలోనే కూలబడి ఏడ్చింది. "ఇంక ఆడికి పోయేది లేదు. అయ్యగారినే ఈడికి పిలుస్తాను," అంది.

కబురందుకున్న పాస్టరుగారు మరుసటి వారం సైకిలు తోసుకుంటూ, చెమటతో తడిసి వచ్చారు. "ఈ దోవన ప్రతివారం ఎట్ల వచ్చినారమ్మా? చర్చి ఈడే కావల," అన్నారు. ఆ రోజే మా పశువుల కొట్టంలో పాపను ఎత్తుకుని ప్రార్థించారు. మా చర్చి అలా మొదలైంది.

మూడిళ్లకు చర్చి ఎందుకని తర్వాత చాలామంది అడిగారు. వాళ్లెవరూ ఆ దారిలో చంటిబిడ్డతో నడిచినవాళ్లు కారు.