మండీ ఆయప్పకు రెండు

మార్చి రెండో గురువారం పుంగనూరు నుంచి మదనపల్లె వెళ్లే బస్సులో, టమాటా మండీలో కాయలు ఏరే ఒకామె నా పక్కన కూర్చున్నది. ప్రభుత్వం ప్రతి మనిషికీ షరతు లేకుండా నెలనెలా డబ్బిస్తే, తక్కువ కూలికి ఎవరూ లొంగనక్కరలేదని అంకెలతో వివరించాను.

ఆమె మోకాళ్లు రుద్దుకుంటూ విన్నది.

"పింఛను పడితే వారానికి ఒగ దినం ఇంట్లో పడుకుందామనుకుంటి అప్పా. నీకు దుడ్డు పడతాండాది గదా అని మండీ నడిపే ఆయప్ప కూలి తగ్గించినాడు. పగిలిన కాయలు ఇంటికి తీసకపోయేవాళ్లం, అదీ మాన్పించినాడు. నువ్వు సెప్పే దుడ్డు ఆయప్పకు గూడా పడతాదా?"

"అందరికీ పడుతుంది."

"అట్లయితే ఆయప్పకు రెండు. ఆయప్పదీ, నాదీ."

మండీ దగ్గర ఆమె కమ్మీ పట్టుకొని మెల్లగా దిగి పనికి వెళ్లింది. ఆ లెక్కను నేను మళ్లీ ఎవరికీ వివరించలేదు.